ఇంటి నడిమధ్య కురిసే వాన

కోనసీమలో శ్రావణమాసం మధ్యాహ్నం మబ్బు కమ్మిందంటే మండువా ఇళ్లలో ముందుగా కదిలేది ఆడవాళ్లే. నులక మంచం మీద ఆరబోసినవి ఎత్తాలి, దండెం మీది బట్టలు లాగాలి, గంగాళాలూ బిందెలూ చూరు కింద సర్దాలి. ఈలోపే వాన దిగుతుంది. నాలుగు వైపుల నుంచీ లోపలికి వాలిన పెంకుల మీద నీళ్లు జారి, మూలల దగ్గర ధారలు కట్టి, ఇంటి నడిమధ్య పడతాయి. చుట్టూ వసారాలో కూర్చున్నవాళ్ల కాళ్ల మీద తుంపర పడుతుంది. పల్లంగా కట్టిన రాతి నేల మీద నీళ్లు కాసేపు తిరుగాడి, మూలనున్న తూములోకి దూరి, గోడల కిందుగా వెళ్లి పెరట్లో అరటి పాదుల దగ్గర తేలతాయి.

ఇదే దృశ్యానికి ఇప్పుడు రాత్రికింతని అద్దె ఉంది. హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో శుక్రవారం రాత్రి బయల్దేరినవాళ్లు శనివారం ఉదయానికల్లా గోదావరి లంకల్లో దిగి, మండువాలో కూర్చుని కాఫీ తాగుతారు. అరటాకులో పనసపొట్టు కూర తింటారు. ఫోన్లు పక్కన పడేసి కొబ్బరిచెట్ల వంక చూస్తూ ఉండిపోతారు. వాళ్లకు దొరికే నెమ్మది నిజమైనదే, దాన్ని వెక్కిరించాల్సిన పని లేదు. పేచీ అల్లా ‘సాదా పల్లె జీవితం’ అనే ప్రకటనతోనే. మండువా లోగిలి ఏనాడూ సాదా ఇల్లు కాదు. ఊరికి నాలుగో ఐదో ఉండే పెద్దిళ్లవి. వాటి వెనక ఒక ఆనకట్ట ఉంది, సముద్రం దాటి వచ్చిన కలప ఉంది, ఆ ఇంటి గడప ఎన్నడూ దాటనివ్వని మనుషుల చాకిరీ ఉంది.

కథ కరువుతో మొదలవుతుంది. 1832–33లో, నందన నామ సంవత్సరంలో వచ్చిన కరువు కోస్తాను ఊడ్చిపెట్టింది. డొక్కల కరువని దానికి పేరు. గుంటూరు సీమలోనే లక్ష మందికి పైగా పోయారు. గోదావరి జిల్లాల పరిస్థితీ అంతంతమాత్రమే. పక్కనే జీవనది పారుతున్నా నీళ్లు సముద్రం పాలవుతుండేవి. అతివృష్టి అయితే వరద, అనావృష్టి అయితే ఆకలి. అప్పటి రాజమండ్రి జిల్లా జనాభా 1821లో సుమారు 7 లక్షల 38 వేలు ఉంటే, 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. జిల్లా ఇలా ఎందుకు పాడవుతోందో విచారించి హెన్రీ మాంట్‌గోమరీ 1844లో కంపెనీ ప్రభుత్వానికి నివేదిక ఇచ్చాడు. అదే కాలంలో ఇంజనీరు ఆర్థర్ కాటన్ డెల్టా అంతా తిరిగి కొలతలు తీసుకున్నాడు.

ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. నది అక్కడ లంకల మధ్య చీలిపోతుంది కాబట్టి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని ఆనకట్టను నాలుగు ముక్కలుగా కట్టారు. కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855కు పూర్తయింది. నీళ్లతో పాటు కాలువలు ఇంకో మేలు కూడా చేశాయి. అవి పడవ దారులయ్యాయి. రాజమండ్రి నుంచి కాకినాడకూ, ఏలూరు మీదుగా కృష్ణకూ ధాన్యం, కలప, పెంకు, సున్నపురాయి అన్నీ పడవల మీదే నడిచాయి. తర్వాతి రోజుల్లో లోతట్టు ఊళ్లలో సైతం అంత భారీ ఇళ్లు లేవడానికి ఈ రవాణాయే సగం కారణం. బురదనేలల్లో, బండి చక్రం దిగబడే చోట, ఇరవై అడుగుల దూలాన్ని ఇంకెలా తెస్తారు?

మెట్ట మాగాణి అయ్యాక ఒక్క తరంలోనే చేతిలో ధాన్యం మిగలడం మొదలైంది. ధాన్యం డబ్బయింది. డబ్బు మొదట పొలంలోకి వెళ్లింది, తర్వాత బంగారంలోకి, ఆ తర్వాత ఇంట్లోకి. తాత పూరింట్లో పుడితే మనవడు మండువాలో పెళ్లి చేసుకున్న కుటుంబాలు డెల్టాలో కొల్లలు.

ఇంటి మధ్య ఆకాశం వదిలే పద్ధతి మాత్రం ఆనకట్ట కన్నా ఎన్నో రెట్లు పాతది. తెలుగువాళ్ల సొంతమూ కాదు. కేరళ నాలుకెట్టులోనూ చెట్టినాడు మేడల్లోనూ ఉంది. రెండు వేల ఏళ్ల కిందట బూడిదలో కూరుకుపోయిన పాంపేయీ ఇళ్లలో సైతం కప్పు లోపలికి వాలి, వాననీరు నడిమి తొట్టిలోకి దిగేది. గోడకు కిటికీ పెడితే దొంగభయం, పెట్టకపోతే ఉక్కపోత. ఆ చిక్కుకు ఎండ గట్టిగా కాసే ప్రతి నేలా దాదాపు ఒకే జవాబు కనిపెట్టుకుంది. వేడెక్కిన గాలి నడిమి ఖాళీలోంచి పైకి పోతుంది, నీడపట్టున ఉన్న వసారాల్లోంచి చల్లగాలి లోపలికి జరుగుతుంది. రాత్రి పూట చల్లదనం పల్లపు నేల మీద నిలుస్తుంది. రాయలసీమలో అయితే సంగతి వేరు. అక్కడ వాన తక్కువ, రాయి ఎక్కువ కనుక మిద్దె ఇళ్లు కట్టుకుని, కప్పులో గవాక్షి పెట్టుకుని సరిపెట్టుకున్నారు.

డెల్టా ఇళ్ల ప్రత్యేకత అంతా కలపలోనే ఉంది. గోదావరి ఎగువన భద్రాచలం అడవుల్లో నరికిన టేకు దుంగల్ని తెప్పలుగా కట్టి రాజమండ్రి దాకా నది మీదే వదిలేవారు. అది చాలని కలవారు బర్మా టేకు కోరారు. ఇక్కడ చరిత్ర ఒక విచిత్రం చేసింది. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన 1852లోనే ఇంగ్లీషువాళ్లు యుద్ధం చేసి దిగువ బర్మాను కలిపేసుకున్నారు. 1839 ఉప్పెనలో కోరంగి రేవు దెబ్బతిన్నాక ఎదిగిన కాకినాడ నుంచి రంగూనుకు ఆవిరి ఓడలు నడిచాయి. పొలం లేని తెలుగు కూలీలు వేల సంఖ్యలో ఓడెక్కి వెళ్లి రంగూను రేవులో మూటలు మోశారు, మిల్లుల్లో పనిచేశారు. అక్కడివాళ్లు మనవాళ్లను కోరంగీలనే పిలిచారు. మనుషులు అటు, కలప ఇటు. ఒకే ఊళ్లో ఒక పూరింటి కుర్రవాడు రంగూను వెళితే, రెండు వీధుల అవతల ఒక పెద్దింటికి రంగూను టేకు వచ్చింది. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక ఆ కుర్రవాళ్లలో చాలామంది అడవులూ కొండలూ దాటి నడిచి తిరిగొచ్చారు. దారిలో పోయినవాళ్లకు లెక్క లేదు.

సింహద్వారం దగ్గర కాస్త ఆగి చూస్తే ఆ డబ్బూ ఆ పనితనమూ రెండూ కనిపిస్తాయి. ద్వారబంధం జానెడు వెడల్పు ఉంటుంది. పై కమ్మికి నడుమ గజలక్ష్మి, అటూ ఇటూ చిలకలో హంసలో, వాటి ముక్కుల్లోంచి సాగే తీగ కింద గడప దాకా దిగుతుంది. తలుపు రెక్కల మీద ఇత్తడి బొడిపెలు. గడప ఎత్తుగా ఉంటుంది, పై కమ్మి కిందికి ఉంటుంది. ఎంతటివాడైనా తల వంచి, కాలు ఎత్తి లోపలికి రావాలి. ఏళ్ల తరబడి పసుపు రాసి రాసి గడప చెక్క రంగే మారిపోతుంది. చేసిన వడ్రంగి పేరు ఎక్కడా చెక్కి ఉండదు. చేయించుకున్నవాడి పేరు మాత్రం ఒక్కోచోట గుమ్మం పైన సున్నంలో పొడి అక్షరాలతో, సంవత్సరంతో సహా కనిపిస్తుంది.

గోడలు మట్టివో ఇటుకవో అయినా పూత డంగు సున్నానిది. గానుగలో ఎద్దును తిప్పి సున్నం, ఇసుక నూరేవారు. బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం కలిపేవారు. సరిగ్గా నూరి, సరిగ్గా మెత్తిన గచ్చు మీద అరచెయ్యి ఆనిస్తే నడివేసవిలోనూ చల్లగా తగులుతుంది. పైకప్పుకు మొదట్లో కుమ్మరి చేసిన గూనపెంకు వాడారు. కోతుల దూకుళ్లకు, గాలులకు అవి జరిగిపోతే ప్రతి ఏటా తొలకరి ముందు మనిషిని పైకెక్కించి సర్దించుకోవాల్సి వచ్చేది. 1865లో బాసెల్ మిషన్‌వాళ్లు మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. అచ్చుపోసినట్టు ఒకదానిలో ఒకటి ఇరుక్కునే ఎర్ర పెంకులు అక్కడ తయారయ్యాయి. అవి క్రమంగా దేశమంతా పాకి మన ఊళ్లలో బంగళా పెంకులయ్యాయి. ఈనాడు ‘అచ్చ తెలుగు పల్లె ఇల్లు’ అని బొమ్మల్లో గీసే ఎర్రటి కప్పు నిజానికి జర్మన్, స్విస్ మిషనరీల ఫ్యాక్టరీ సరుకుకు వారసత్వం. ఇలాంటివి తెలిసినప్పుడు అచ్చదనం గురించి కాస్త తగ్గి మాట్లాడడం మంచిది.

ఇక ఆ ఇంటి నెమ్మది ఎవరిది?

వీధి అరుగు మగవాళ్లది. పొద్దున్నే కరణం, కాపులు అక్కడ చేరేవారు. శిస్తు మాటలు, సరిహద్దు తగవులు, పురాణ కాలక్షేపం, చుట్ట పొగ. దారిన పోయే బాటసారి కూడా ఆ అరుగు మీద నడుం వాల్చవచ్చు, అయితే అతని కులం తెలిశాకే. మండువా చుట్టూ ఉన్న వసారా ఇంటివాళ్లది, చుట్టాలది. వంటిల్లూ పెరడూ ఆడవాళ్లవి. తెల్లవారుజామున కవ్వంతో మొదలైన పని రాత్రి దీపం కొండెక్కే దాకా తెమిలేది కాదు. రైసుమిల్లులు రాకముందు ఇంటి బియ్యమంతా రోకళ్ల కిందే తయారయ్యేది. గాదెలో నుంచి కుంచాలతో కొలిచి పోసిన వడ్లు దంపుడు బియ్యమయ్యే లోపు ఎందరి భుజాలు నొప్పి పుట్టేవో ఆ అరుగు మీద చర్చకు వచ్చే విషయం కాదు.

మండువాకు వెలుతురు ఉన్నంతగా దాని చుట్టూ గదులకు లేదు. కిటికీలు చిన్నవి, తలుపులు వసారాలోకి. ఆ చీకటి గదుల్లో ఒకదానిలో తరచూ చిన్న వయసులో భర్త పోయిన ఆడపడుచు ఉండేది. తల బోడి చేసి, ఒంటిపూట తిండితో, వంటింటి చాకిరీకి కట్టుబడి. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊరు భగ్గుమన్నది ఎందుకంటే, దెబ్బ తగిలింది ఇలాంటి ఇళ్ల నట్టింట్లోనే. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథలు ఈ గోదావరి లోగిళ్ల లోపలి మాటల్ని, ఎత్తిపొడుపుల్ని, గుసగుసల్ని పట్టుకున్నంతగా మరెవరూ పట్టుకోలేదు. 1891లో పొలమూరులో పుట్టిన ఆయన ఆ గోడల మధ్య పెరిగినవాడు. కాబట్టే ఆయన ఆడపాత్రలు మండువా అందం గురించి ఒక్క ముక్క మాట్లాడరు. బయటపడే దారి గురించి మాట్లాడతారు.

పాలేరుకు పెరటి దారి. పశువుల పాక, గడ్డివామి, నుయ్యి దాకా అతని రాజ్యం, అక్కణ్నుంచి ఒక్క అడుగు లోపలికి లేదు. మాలపల్లె నుంచి వచ్చే కూలీకి నూతి గట్టు కూడా లేదు, దూరంగా నిలబడితే దోసిట్లో నీళ్లు పోసేవారు. ఉన్నవ లక్ష్మీనారాయణ నవల ‘మాలపల్లి’ 1922లో వచ్చి, ఆ తర్వాత ప్రభుత్వ నిషేధానికి గురైంది. అందులోని ఊరికి పెద్దిల్లు ఒక చివర అయితే ఈ గుడిసెలు రెండో చివర.

నిజంగా సాదా పల్లె ఇల్లు చూడాలంటే వెళ్లాల్సింది ఆ చివరికే. డెల్టాలో నూటికి ఎనభై తొంభై మంది బతికింది తాటాకు ఇళ్లలో, రెల్లు గడ్డి పాకల్లో అంటే అతిశయోక్తి కాదు. వేసవిలో ఒక్క నిప్పురవ్వకు వాడంతా తగలబడేది. శ్రీకాకుళం, విశాఖ తీరాన జనం చుట్టిళ్లు కట్టుకున్నారు. గుండ్రని మట్టిగోడ, దాని మీద గొడుగులా దిగిన తాటాకు కప్పు, చూరు దాదాపు నేలను తాకుతూ. తుఫాను గాలికి పట్టు దొరికే మూల అంటూ ఉండదు, గాలి చుట్టూ జారిపోతుంది. కప్పు పోయినా నాలుగు రోజుల్లో మళ్లీ కప్పుకోవచ్చు. ఇంజనీరింగు తెలివి లెక్కన చూస్తే చుట్టిల్లు మండువాకు ఏ మాత్రం తీసిపోదు. చెన్నై దగ్గరి దక్షిణచిత్ర మ్యూజియంలో ఆంధ్ర తీరపు చుట్టిల్లు ఒకటి నిలబెట్టారు. కాని చుట్టింట్లో రాత్రి పడుకోవడానికి అద్దె కట్టేవాళ్లు అరుదు. సాదాతనం మీద మన మోజుకు ఒక ఎత్తు హద్దు ఉంది, వంగి దూరాల్సిన గుమ్మం దగ్గర అది ఆగిపోతుంది.

అయితే ఈ సీమ ప్రకృతిలోంచి కళ పుట్టలేదని కాదు. రాజమండ్రి ప్రభుత్వ కళాశాలకు 1909 నుంచి పదేళ్లు ప్రిన్సిపాలుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన గోదావరి గట్టుకు మనసిచ్చేశాడు. బొమ్మలు వేశాడు, ఇక్కడి రోజుల గురించి తర్వాత పుస్తకం రాశాడు. ఊళ్లో కుర్రవాళ్లకు మీ చెట్టూ మీ పడవా మీ పల్లెపడుచూ బొమ్మకు పనికొస్తాయని నమ్మకం కలిగించాడు. ఆయన చేరదీసిన దామెర్ల రామారావు 1925లో, ముప్పై నిండకుండానే మశూచితో పోయాడు. ఆయన వేసిన బొమ్మలు రాజమండ్రిలో ఆయన పేరనున్న చిత్రశాలలో ఇవాళ్టికీ ఉన్నాయి. కూల్డ్రే శిష్యకోటిలోని మరొకరు, అడివి బాపిరాజు, బొమ్మలూ నవలలూ రెండూ చేశాడు. వీళ్లకు ఊపిరి పోసింది లోగిలి లోపలి ఆకాశపు ముక్క కన్నా బయటి గోదావరి.

లోగిళ్ల పతనం కూడా వరితోనే వచ్చింది. 1930ల ఆర్థిక మాంద్యంలో ధాన్యం ధర సగానికి పడిపోయింది. అది చాలదన్నట్టు బర్మా బియ్యం చౌకగా మద్రాసు రేవులో దిగి ఇక్కడి ధరను ఇంకా తొక్కింది. టేకు పంపిన దేశమే బియ్యమూ పంపి ఆ టేకు కొన్నవాళ్ల నడ్డి విరిచింది. అప్పులు పెరిగాయి. 1948లో జమీందారీ రద్దు చట్టం, 1973లో భూపరిమితి చట్టం వచ్చాయి. 1986లో ఆంధ్రప్రదేశ్ వారసత్వ చట్టాన్ని సవరించి ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. ఆ ఇళ్ల చీకటి గదుల్లో తరతరాలుగా నలిగినవాళ్లకు ఇది ఎంతో ఆలస్యంగా అందిన న్యాయం. ఇంటికి మాత్రం ఇంకో వాటాదారు పెరిగినట్టే. అన్నదమ్ముల పంపకాల్లో మండువా మధ్యన ఇటుక గోడ లేచిన ఇళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. వాన సగం ఇటు, సగం అటు కురుస్తుంది. తూము ఎవరి వాటాలో ఉందన్న దాని మీద కోర్టుకెక్కినవాళ్లూ ఉన్నారు.

1996 నవంబరు 6న వచ్చిన తుఫాను కోనసీమలో కొబ్బరితోటల్ని నేలకు వాల్చింది. వెయ్యి మందికి పైగా పోయారు. చాలా పాత కప్పులు ఆ రాత్రి లేచిపోయాయి, అన్నీ తిరిగి వెయ్యలేదు. 2011లో గిట్టుబాటు ధర లేక, కూలి ఖర్చు భరించలేక, మురుగు కాలువలు పూడిపోయి కోనసీమ రైతులు ఖరీఫ్‌లో నాట్లే వెయ్యకుండా పంట విరామం ప్రకటించారు. ఏ నీళ్ల మీద ఈ ఇళ్లు లేచాయో ఆ నీళ్లే పారుతున్నా వ్యవసాయం వద్దనుకున్న రోజు అది. అప్పటికే పిల్లలు హైదరాబాదు, అమెరికా చేరారు. ఇంట్లో మిగిలింది వృద్ధ దంపతులు, చెదలు, జారిన పెంకులు.

కలప వ్యాపారులకు ఇది బేరం కుదిరే సమయం. స్తంభాలు, దూలాలు అడుగుల లెక్కన, ద్వారబంధాలు విడిగా. ఇల్లు లేవడానికి ఏళ్లు పడితే విప్పడానికి వారం చాలు. మేకులు తక్కువ, కీళ్లు, కుసులే ఎక్కువ కాబట్టి కలప చెక్కుచెదరకుండా ఊడివస్తుంది. లారీ ఎక్కిన స్తంభం హైదరాబాదులో రెస్టారెంటు వరండాకు చేరుతుంది, సింహద్వారం అద్దం బిగించుకుని భోజనాల బల్ల అవుతుంది.

విప్పకుండా మిగిలిన ఇళ్లలో కొన్ని సినిమా షూటింగులతో, కొన్ని విడిదులుగా ఖర్చు రాబట్టుకుంటున్నాయి. వాటిని నిలబెట్టే వాళ్లకు ఎదురయ్యే మొదటి చిక్కు డంగు సున్నం మెత్తే చేతులు దొరకకపోవడం. సిమెంటు పూస్తే మట్టిగోడ లోపలి తడి బయటికి రాలేక పూత పొరలుగా ఊడుతుంది. రెండో చిక్కు దోమలు. మూడోది అతిథులే. వాన మండువాలో పడుతుంటే వీడియో తీసుకోవడం అందరికీ ఇష్టం, రాత్రి బాత్రూముకు తడిసి వెళ్లడం ఎవరికీ ఇష్టం లేదు. అందుకని కొందరు యజమానులు నడిమి ఖాళీ మీద ఇనుప ఊచలు, వాటి పైన పారదర్శకమైన షీటు బిగించారు. హైదరాబాదు శివార్ల ఫామ్‌హౌసుల్లో కొత్తగా కట్టే కాంక్రీటు ‘మండువా’లకైతే ఆ షీటు ప్లానులోనే ఉంటుంది. వెలుతురు వస్తుంది, నీళ్లు రావు. తూము గీయాల్సిన చోట వాటిలో తులసికోట గీస్తున్నారు.